పెరిగిన రింగుల జుట్టు ఎటు పోతోంది?

"మూడేళ్లుగా నా జుట్టు భుజాల దగ్గరే ఆగిపోయింది. రాయని నూనె లేదు, తినని గింజ లేదు. వచ్చే నెల అక్క పెళ్లి. ఒకసారి స్మూతెనింగ్ చేయించేస్తే ఈ గోలంతా పోతుంది కదా అని అమ్మ అంటోంది. చేయించుకోమంటారా?"

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఇదొకటి. డిగ్రీ చదువుతున్న అమ్మాయి రాసింది. పెళ్లి, స్మూతెనింగ్ సంగతి కాసేపు పక్కన పెడదాం, దానికీ వస్తాను. ముందు ఆ మొదటి వాక్యం చూడండి. 'భుజాల దగ్గరే ఆగిపోయింది.' రింగుల జుట్టున్న అమ్మాయిలు ఎక్కడ కలిసినా వినిపించే మాటే ఇది.

కానీ లెక్క వేస్తే మాత్రం ఈ మాట కుదరదు. మన తల మీద వెంట్రుక నెలకి దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కొందరికి కాస్త తక్కువ, కొందరికి కాస్త ఎక్కువ. అంటే మూడేళ్లలో 36 సెంటీమీటర్లు, అడుగుకి పైనే. నమ్మకం లేకపోతే జుట్టుకి రంగు వేసుకున్నవాళ్ల పాపిడి గమనించండి. రెండు నెలలకే కుదుళ్ల దగ్గర వేలెడు వెడల్పున అసలు రంగు తొంగి చూస్తుంది. మీ తలలోనూ అదే జరుగుతోంది. కుదురు తన పని తాను చేసుకుపోతోంది, పైన పెరిగినంతా కింద తెగిపోతోంది. జీతం నెలనెలా పడుతున్నా ఖాతాలో ఏమీ మిగలట్లేదు చూడండి, అచ్చం అలాగ. అప్పుడు అడగాల్సింది జీతం ఎలా పెంచుకోవాలని కాదు, డబ్బు ఎటు పోతోందని.

తెగుతోందో రాలుతోందో తెలుసుకోవడం పెద్ద కష్టమేం కాదు. ఈసారి దువ్వినప్పుడు ఊడిన వెంట్రుకల్ని ఉండ చుట్టి పారేయకుండా కొన్నింటిని తెల్ల కాగితం మీద పరవండి. పొడుగ్గా, ఒక కొసన చిన్న తెల్లటి గుండు ఉంటే అది కుదురు నుంచి దానంతటదే రాలిన వెంట్రుక. రోజుకి 50 నుంచి 100 దాకా అలా రాలడం మామూలే. గుండు లేకుండా పొట్టి పొట్టి ముక్కలుంటే అవి తెగినవి. ఇక్కడ ఇంకో మాట. రింగుల్లో రాలిన వెంట్రుక వెంటనే కిందపడదు, పక్కవాటికి చుట్టుకుని అక్కడే ఉండిపోతుంది. నాలుగు రోజులు దువ్వకుండా తలస్నానం చేస్తే నాలుగు రోజులవీ ఒకేసారి చేతికొస్తాయి. బాత్రూంలో ఆ గుప్పెడు చూసి కళ్లనీళ్లు పెట్టుకోకండి, అది నాలుగు రోజుల లెక్క.

ఇంకో చిన్న మాయ కూడా ఉంది. తడిగా ఉన్నప్పుడు వీపు మధ్యకి వచ్చే రింగుల జుట్టు ఆరాక భుజాల మీదకెక్కి కూర్చుంటుంది. స్ప్రింగు ముడుచుకున్నట్టు ముడుచుకుంటుంది, అంతే. సాఫీ జుట్టున్న చెల్లెలి జడతో పోల్చుకుని నాది పెరగట్లేదనుకునేవాళ్లలో కొందరికైతే అసలు సమస్యే లేదు.

ఇక ఇది అంత తేలిగ్గా ఎందుకు తెగుతుందంటారా? తేడా చర్మం కిందే మొదలవుతుంది. సాఫీ జుట్టు పుట్టే కుదురు నిటారుగా ఉంటుంది, వెంట్రుకని అడ్డంగా కోసి చూస్తే దాదాపు గుండ్రంగా ఉంటుంది. రింగుల జుట్టు కుదురు వంపు తిరిగి ఉంటుంది, వెంట్రుక కాస్త నొక్కినట్టు కోలగా ఉంటుంది. వెంట్రుక పైన పెంకుటింటి కప్పులా సన్నటి పొలుసులు ఒకదాని మీద ఒకటి పరిచి ఉంటాయి. సాఫీ జుట్టులో అవి చదునుగా పడుకుంటాయి. వంపు దగ్గర మాత్రం పైకి లేస్తాయి. ఒక్కో రింగులో ఎన్ని మలుపులుంటే అన్నిచోట్ల బలహీనతన్నమాట. పైగా మాడులో ఊరే సహజమైన నూనె సాఫీ జుట్టు మీద సులువుగా కిందికి జారుతుంది. మెలికలున్న జుట్టులో అది పైనే ఆగిపోతుంది. అందుకే రెండో రోజుకి మాడు జిడ్డుగా, చివర్లు చీపురు పుల్లల్లా. రెండూ ఒకే తలలో!

దువ్వెన దగ్గరే అసలు గొడవ

మనలో చాలామందికి చిన్నప్పటి పొద్దుటి సీను ఒకటే. స్కూలు బస్సు వచ్చేస్తుంటుంది, అమ్మ మోకాళ్ల మధ్య కూర్చోబెట్టి, పొడి జుట్టు మీద ఇంత నూనె అద్ది, సన్న పళ్ల దువ్వెనతో పైనుంచి కిందికి ఒక్క లాగు. మనం కేక. రెండు జడలు, రిబ్బన్లు, కణతల దగ్గర చర్మం లాగేసేంత బిగుతు. అమ్మ తప్పేం లేదు, ఆవిడకి వాళ్లమ్మ నేర్పింది సాఫీ జుట్టుకి పనికొచ్చే పద్ధతి. ఆ పద్ధతి రింగుల జుట్టు మీద పెడితే ఏమవుతుంది? పైనున్న చిక్కులన్నీ కిందికి తోసుకుపోయి చివర ఒక పెద్ద ముడి అవుతుంది. అప్పుడు దువ్వెన ముడిని విప్పదు, తెంపుతుంది.

ఈ వ్యాసంలో ఒక్క సలహానే పాటిస్తానంటే ఇది పాటించండి: రింగుల జుట్టుని పొడిగా దువ్వకండి. తలస్నానం రోజు, కండిషనర్ రాసి జారుడుగా ఉన్నప్పుడు మాత్రమే చిక్కు తీయండి.

"తడి జుట్టు దువ్వొద్దంటారు కదా" అని మీ ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ మాటలో నిజముంది. నీళ్లు తగిలితే వెంట్రుక లోపలి కొన్ని బంధాలు తాత్కాలికంగా వదులై, అది ఎక్కువ సాగుతుంది, లాగితే తేలిగ్గా తెగుతుంది. కానీ వట్టి నీళ్లతో తడిసిన జుట్టు వేరు, కండిషనర్ పట్టించిన జుట్టు వేరు. కండిషనర్ ఉన్నప్పుడు వెంట్రుకకీ వెంట్రుకకీ మధ్య రాపిడి బాగా తగ్గుతుంది, ముడి జారి విడిపోతుంది. మన రింగులకి పొడిగా లాగడం కన్నా అదే నయం.

ఎలాగంటే, జుట్టుని నాలుగు పాయలు చేసి మూడింటికి క్లిప్పులు పెట్టేయండి. నాలుగో పాయకి బాగా జారేదాకా కండిషనర్ రాసి ముందు వేళ్లతో విప్పండి. దువ్వెన తర్వాత, అదీ పళ్లు బాగా దూరంగా ఉన్నది. కింది చివర నుంచి మొదలుపెట్టాలి. చివరి రెండంగుళాలు విడిపోయాక కాస్త పైకి, అది అయ్యాక ఇంకాస్త పైకి. పాయని మధ్యలో చేత్తో గట్టిగా పట్టుకుంటే లాగుడు కుదుళ్ల దాకా వెళ్లదు. మొదటి వారం అరగంట పడుతుంది, విసుగొస్తుంది. నెల తిరిగేసరికి చిక్కులే తగ్గుతాయి, పది నిమిషాల పనైపోతుంది.

మరి మధ్య రోజుల్లో కాలేజీకి వెళ్లేటప్పుడు? స్ప్రే బాటిల్లో నీళ్లు, ఒక చెంచాడు కండిషనర్ కలిపి ఉంచుకోండి. పొద్దున్నే రెండుసార్లు కొట్టి, అరచేతులతో రింగుల్ని కింది నుంచి పైకి గుప్పిట్లో నొక్కి వదిలేయండి. దువ్వెన ముట్టుకోకండి.

తలస్నానం ఎన్నిసార్లంటే వారానికి రెండు సార్లు చాలామందికి సరిపోతుంది. బైకు మీద తిరిగి చెమట పట్టేవాళ్లు, చుండ్రు ఉన్నవాళ్లు మూడోసారి చేసినా తప్పులేదు. షాంపూ మాడుకే, జుట్టు మొత్తానికి కాదు. నురగ కిందికి జారుతూ చివర్లని చాలినంత శుభ్రం చేస్తుంది. కండిషనర్ దీనికి తలకిందులు, చెవుల కింది నుంచి చివరిదాకా. సాషేలో నాలుగో వంతు వాడి మిగతాది దాచుకుంటున్నారా? ఈ జుట్టుకి అలా సరిపోదు. వెనక్కి తిరిగితే తడి నాచులా జారేంత రాయాలి.

అసలు ఈ కండిషనర్‌తో చిక్కు తీయడం, శాటిన్ గుడ్డ చుట్టి పడుకోవడం లాంటివి మనకి రీల్స్‌లో వచ్చాయి గానీ, ఇవన్నీ అమెరికాలో నల్లజాతి మహిళలు తరాలుగా తమ జుట్టు కోసం నేర్చుకుని, ఒకరికొకరు చెప్పుకుంటూ కాపాడుకున్నవి. ఆ తర్వాత లొరెయిన్ మాసీ అనే హెయిర్ స్టైలిస్ట్ 'కర్లీ గర్ల్' పుస్తకంతో షాంపూ మానేసే పద్ధతి ఒకటి ప్రచారంలోకి వచ్చింది. వట్టి కండిషనర్‌తోనే తల కడుక్కోవడమన్నమాట. మన ఎండ, చెమట, దుమ్ము, తలకి పెట్టే నూనె ముందు అది నిలవదని నా అభిప్రాయం. మాడు మీద జిడ్డు పేరుకుంటే దురద, చుండ్రు గ్యారంటీ. సల్ఫేట్ లేని మైల్డ్ షాంపూ తీసుకోండి చాలు. నూనె బాగా పట్టించిన రోజు మామూలు షాంపూ వాడినా కొంపలేం మునగవు.

కుంకుడుకాయ సంగతి కూడా అడుగుతుంటారు. దానిలో సహజంగా నురగనిచ్చే గుణముంది, మురికి శుభ్రంగా వదులుతుంది. కానీ రింగుల జుట్టుని కాస్త బిరుసు చేస్తుంది. ఇష్టమైతే మానక్కర్లేదు, పీచు బాగా వడకట్టి వాడండి, తర్వాత కండిషనర్ మర్చిపోకండి. హైదరాబాద్ హాస్టళ్లలో బోరు నీళ్లతో తల కడుక్కునేవాళ్లకి ఇంకో తలనొప్పి. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం జుట్టు మీద పూతలా పేరుకుని ఎంత కండిషనర్ రాసినా గరుగ్గానే ఉంటుంది. చివరి రెండు చెంబులకి ఫిల్టర్ నీళ్లు వాడితే తేడా తెలుస్తుంది. నెలకోసారి 'క్లారిఫైయింగ్' లేదా 'కీలేటింగ్' అని రాసి ఉన్న షాంపూ వాడొచ్చు.

నూనె మంచిదే, కానీ ఎప్పుడు?

నూనె విషయంలో నేను అమ్మమ్మల పార్టీయే, ఒక సవరణతో. 2003లో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చిన పరిశోధన ఒకటి వచ్చింది. కొబ్బరినూనె ఒక్కటే వెంట్రుక లోపలికి చొచ్చుకెళ్లి, కడిగినప్పుడు పోయే ప్రోటీన్‌ని బాగా తగ్గించిందని అందులో తేలింది. చేసింది పారాషూట్ అమ్మే మారికో కంపెనీ పరిశోధకులే, కాబట్టి ఆ సంగతి గుర్తుపెట్టుకునే చదవాలి. అయినా దాని వెనకున్న కారణం అర్థమయ్యేదే. కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం అణువు చిన్నది, సూటిగా ఉంటుంది, అందుకే లోపలికి దూరగలుగుతుంది.

ఇందులో మనకి పనికొచ్చే ముక్క ఏంటంటే, నూనె బాగా పనిచేసేది కడగడానికి ముందు. వెంట్రుక నీళ్లు పీల్చి ఉబ్బడం, ఆరి ముడుచుకోవడం, మళ్లీ ఉబ్బడం, ఇలా జరిగే కొద్దీ అరుగుతుంది. ముందే నూనె పట్టి ఉంటే ఆ ఉబ్బడం తగ్గుతుంది. తలస్నానానికి గంటో రెండు గంటలో ముందు, ఎక్కువగా పొడవునా చివర్లకి రాయండి. రాత్రంతా ఉంచాల్సిన అవసరం లేదు. చుండ్రు ఉన్నవాళ్లు మాడుకి అసలు పట్టించొద్దు. చుండ్రుకి కారణమయ్యే ఫంగస్ ఆ కొవ్వుల్నే తిని బతుకుతుంది, మీరు పొలానికి ఎరువు వేసినట్టవుతుంది. అలాగే నూనె వల్ల కుదుళ్ల నుంచి కొత్త జుట్టు మొలుస్తుందనుకోకండి, అది ఉన్నదాన్ని కాపాడుతుంది, అదే చాలా ఎక్కువ.

మెంతులు, మందార ఆకులు నానబెట్టి రుబ్బుకునేవాళ్లు ఉన్నారు. వాటి జిగురు మంచి కండిషనర్‌లా పనిచేస్తుంది, హాయిగా వాడుకోండి. బాగా కడగకపోతే ఆరాక రింగుల్లోంచి పచ్చటి పొడి రాలుతుంది, అదొక్కటే చిరాకు. గంజి మాత్రం వారం వారం వద్దు. చీరకి గంజి పెడితే ఏమవుతుందో తెలుసుగా, పొడిబారిన రింగులకీ అదే బిరుసు.

ఇంట్లో చేసుకునే వాటిలో నాకు బాగా నచ్చింది అవిసె గింజల జెల్. పావు కప్పు అవిసె గింజలు, రెండు కప్పుల నీళ్లు. మధ్యస్థంగా మంట పెట్టి కలుపుతూ ఉంటే ఏడెనిమిది నిమిషాల్లో గుడ్డులోని తెల్లసొనలా తీగ సాగుతుంది. అప్పుడే, వేడి మీదే, పాత పలచటి చున్నీ గుడ్డలో పోసి వడకట్టేయాలి. చల్లారనిచ్చారో, గింజకీ జిగురుకీ విడాకులు ఇప్పించడం ఎవరి వల్లా కాదు. ఫ్రిజ్‌లో వారం రోజులు ఉంటుంది. వాసన మారితే మొహమాటం లేకుండా పారేయండి.

జెల్ వాడటంలోనే రింగుల రహస్యమంతా ఉంది. తలస్నానం అయ్యాక జుట్టు ఇంకా నీళ్లు కారుతుండగానే రాయాలి. సగం ఆరాక రాస్తే అప్పటికే వెంట్రుకలు తలోదిక్కుకి పోయి ఉంటాయి. అరచేతులకి జెల్ రాసుకుని పాయల మీదుగా మెల్లగా కిందికి జార్చి, తర్వాత గుప్పిట్లో నొక్కుతూ పైకి తీసుకెళ్లండి. టర్కీ టవల్‌తో రుద్దొద్దు. అమ్మమ్మ వాడే పలచటి నూలు తువ్వాలు ఉంది చూడండి, అది బెస్ట్. లేదా పాత కాటన్ టీషర్ట్. దానితో నీళ్లు అద్దండి, పిండకండి, కొప్పులా మెలిపెట్టకండి. ఇక ఆరేదాకా చేతులు దూరం. ఆరాక జుట్టు కరకరలాడుతూ ఉంటుంది. అయ్యో పాడైందనుకోకండి, అరచేతుల్లో రెండు చుక్కల నూనె రాసుకుని మెల్లగా నలిపితే ఆ కరకర పోయి మెత్తటి రింగులు మిగులుతాయి.

వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ వైపు ఉండేవాళ్లకి ఎంత చేసినా మధ్యాహ్నానికి జుట్టు పొంగిపోతుంది. గాల్లో తేమని వెంట్రుక పీల్చుకుంటుంది, దానికి మనమేం చేయలేం. గ్లిజరిన్ ఎక్కువున్న క్రీములు ఆ రోజుల్లో పక్కన పెట్టండి, అవి తేమని ఇంకా లాగుతాయి. కాస్త గట్టి జెల్ వాడండి. రామగుండం ఎండల్లో సమస్య దీనికి పూర్తిగా తిరగబడుతుంది, అక్కడ చున్నీ కట్టుకోవడమే మొదటి కండిషనర్. ఆ కట్టే చున్నీ సిల్కుదో శాటిన్‌దో అయితే ఇంకా మంచిది. దిండు గలీబుకీ అదే సూత్రం. నూలు గలీబు మీద రాత్రంతా అటూ ఇటూ దొర్లితే రింగులు రాపిడికి గురవుతాయి. టైలర్ దగ్గర మిగిలిన శాటిన్ లైనింగ్ ముక్క కుట్టించుకుంటే పెద్ద ఖర్చు కాదు. పడుకునేముందు జుట్టంతా నడినెత్తి మీదకి తెచ్చి మెత్తటి బ్యాండుతో ఒకే చుట్టు వదులుగా వేయండి.

రింగులకి 2ఎ, 3బి, 4సి అని నంబర్లు చెబుతారు చూశారా, అది ఓప్రా విన్‌ఫ్రీ హెయిర్ స్టైలిస్ట్ ఆండ్రే వాకర్ మొదలుపెట్టిన పద్ధతి. మీ నంబరు మీకు తెలియకపోయినా జుట్టుకేం నష్టం లేదు. గ్లాసు నీళ్లలో వెంట్రుక వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే టెస్టు కూడా అంతే. నూనె అంటిన వెంట్రుక ఎవరిదైనా తేలుతుంది.

పెళ్లికి ముందు ఆ నాలుగు గంటలు

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. స్మూతెనింగ్, స్ట్రెయిట్‌నింగ్, కెరాటిన్, బొటాక్స్... పార్లర్ బోర్డు మీద పేర్లు రకరకాలు. శాశ్వతంగా సాఫీ చేసేవి వెంట్రుక లోపలి గట్టి సల్ఫర్ బంధాల్ని రసాయనంతో తెంపి, సాగదీసి, మళ్లీ కొత్త ఆకారంలో కడతాయి. కట్టేటప్పుడు అన్నీ మళ్లీ అతుక్కోవు. అందుకే ఆ మెరుపు కింద జుట్టు మునుపటికన్నా బలహీనంగా ఉంటుంది. పైగా 'శాశ్వతం' అన్నది ఆ పొడవుకే. కుదురు వంపు మారదు కదా, నాలుగు నెలలకి పైన నాలుగు సెంటీమీటర్ల రింగులు, కింద గడ్డిపరకల్లాంటి సాఫీ జుట్టు. రెండూ కలిసే ఆ గీత దగ్గరే ఎక్కువగా తెగుతుంది. అప్పుడు మళ్లీ పార్లర్, మళ్లీ టచప్. అందుకే ఒక్కసారితో ఈ గోల పోతుందన్న మాట నేను ఒప్పుకోను.

కెరాటిన్ ట్రీట్‌మెంట్ పేరు విని జుట్టుకి ప్రోటీన్ పెడుతున్నారనుకుంటాం. చాలావాటిలో సాఫీ చేసే పని చేసేది కెరాటిన్ కాదు, ఫార్మాల్డిహైడో, వేడి తగిలినప్పుడు దాన్ని వదిలే రసాయనాలో. ఇస్త్రీ చేస్తున్నప్పుడు కళ్లు మండి నీళ్లు కారుతాయే, అది ఆ పొగే. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో ఫార్మాల్డిహైడ్ ఉంది. సరే, 'ఫార్మాల్డిహైడ్ ఫ్రీ' అని రాసినవి వాడతామంటారా? వాటిలో కొన్నింటిలో గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉంటోంది. ఇజ్రాయెల్ డాక్టర్లు 2023లో అలాంటి ట్రీట్‌మెంట్ తర్వాత కిడ్నీలు దెబ్బతిన్న 26 మంది వివరాలు ప్రచురించారు. 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన కేసు ఇంకా స్పష్టం. 26 ఏళ్ల ఆరోగ్యవంతురాలు, మూడు వేర్వేరు సంవత్సరాల్లో మూడుసార్లు సెలూన్‌లో స్ట్రెయిట్‌నింగ్ చేయించుకుంది, మూడుసార్లూ కిడ్నీ దెబ్బతింది. క్రీములో ఆ ఆమ్లమే ఉంది.

2022లో అమెరికాలో వచ్చిన 'సిస్టర్ స్టడీ' ఫలితాల గురించి కూడా మీరు వినే ఉంటారు. 33 వేలకి పైగా మహిళల్ని ఏళ్లపాటు గమనించారు. 70 ఏళ్ల వయసు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం స్ట్రెయిట్‌నర్లు ఎప్పుడూ వాడనివారిలో 1.64 శాతం, తరచూ వాడినవారిలో 4.05 శాతం అని అంచనా వేశారు. ఇది రెండింటికీ సంబంధం కనిపించిందని చెప్పే లెక్క, అదే కారణమని రుజువు కాదు. ఒక్కసారి చేయించుకున్నవాళ్లు ఇది చదివి నిద్ర మానుకోవద్దు. కానీ ఏడాదికి రెండు మూడుసార్లు చొప్పున పదేళ్లు సాగించే అలవాటుకి ఇప్పుడే శ్రీకారం చుట్టబోతున్న అమ్మాయికి నేను ఆగమనే చెబుతాను.

కాబట్టి నా సమాధానం, వద్దు. వాళ్లమ్మగారికి మాత్రం ఇలా చెప్పి చూడమంటాను. పూలజడ నిలవడానికి రింగుల జుట్టుని మించింది లేదు. సాఫీ జుట్టున్నవాళ్లు స్ప్రేలు కొట్టి, వెనక్కి దువ్వి ఉబ్బు తెప్పించుకునే ఒత్తు మనకి పుట్టుకతోనే ఉంది. పిన్నులు జారవు, మల్లెలు కదలవు. రిసెప్షన్‌కి రింగులు విరబోసుకుంటే ఫొటోల్లో అందరికన్నా ముందు కళ్లు పడేది మీ మీదే. తాప్సీ 'ఝుమ్మంది నాదం'తో, నిత్యా మేనన్ 'అలా మొదలైంది'తో మన దగ్గరకి వచ్చినప్పుడు వాళ్ల రింగులు చూసి పిచ్చుక గూడు అన్నవాళ్లెవరు? ఎంతమంది ఆ జుట్టు కోసం కర్లింగ్ మెషీన్లు కొన్నారో!

ఒక్క రోజుకి సాఫీగా కావాలనే పంతముంటే హీట్ ప్రొటెక్టెంట్ రాసి, పూర్తిగా ఆరిన జుట్టు మీద తక్కువ వేడితో బ్లో డ్రై చేయించుకోండి, తలస్నానంతో రింగులు తిరిగొస్తాయి. తడి జుట్టు మీద ఇస్త్రీ పెట్టనివ్వకండి. లోపలి నీళ్లు ఆవిరై వెంట్రుక బుడగలుబుడగలుగా ఉబ్బిపోతుంది, అది ఇక బాగుపడదు. బరువైన సవరం కూడా గంటల తరబడి వద్దు. కణతల దగ్గర, పాపిడి ముందు రోజూ లాగుడు పడితే అక్కడ జుట్టు పలచబడుతుంది, ఏళ్ల తరబడి అలాగే సాగితే కుదురు మూసుకుపోయి మళ్లీ రాదు. రోజూ బిగించి పోనీటెయిల్ వేసేవాళ్లకీ ఇదే మాట.

తెగడం కాకుండా కుదుళ్ల నుంచే రాలుతుంటే?

తెల్ల కాగితం పరీక్షలో గుండున్న వెంట్రుకలే ఎక్కువగా, రోజూ గుప్పెడు కనిపిస్తున్నాయా? పాపిడి వెడల్పవుతోందా? అయితే కండిషనర్ మీద ఖర్చు ఆపి డెర్మటాలజిస్టు దగ్గరికి వెళ్లండి. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకి జుట్టు విపరీతంగా రాలడం మామూలు, కొన్ని నెలల్లో చాలామందికి తిరిగొస్తుంది. తిండి బాగా తగ్గించి బరువు తగ్గినా అంతే. మన అమ్మాయిల్లో రక్తహీనత ఎక్కువ కాబట్టి ఐరన్, ఫెర్రిటిన్, థైరాయిడ్ చూపించుకోవాలి. నెలసరి సరిగా రాకపోవడం, గడ్డం మీద రోమాలు కూడా ఉంటే పీసీఓఎస్ ఉందేమో అడగండి.

ఇన్‌ఫ్లుయెన్సర్లు అమ్మే బయోటిన్ గమ్మీల మీద నాకు సదభిప్రాయం లేదు. బయోటిన్ లోపం ఉన్నవాళ్లకే అది పనికొస్తుంది, ఆ లోపం చాలా అరుదు. అంతకన్నా ముఖ్యం, ఎక్కువ మోతాదులో వాడుతుంటే థైరాయిడ్ సహా కొన్ని రక్త పరీక్షల ఫలితాలు తప్పుగా రావొచ్చు. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే దీనిపై హెచ్చరించింది. రక్తపరీక్షకి వెళ్లేటప్పుడు గమ్మీలు తింటున్నారని డాక్టర్‌కి చెప్పండి. ఆ డబ్బుతో గుడ్లు, పప్పు, మునగాకు ఎన్ని వస్తాయో మీకే తెలుసు.

చివర్లు కత్తిరిస్తే జుట్టు పెరుగుతుందా అంటే, పెరగదు. కత్తెర సంగతి కుదురుకి తెలియదు. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్నదీ అంతే. కాకపోతే చిట్లిన చివర అలాగే వదిలేస్తే చీలిక పైకి పాకుతుంది. మూడు నాలుగు నెలలకోసారి అరంగుళం తీయించండి. రింగుల్ని పొడిగా, వాటి ఆకారంలో ఉండగానే కత్తిరించమని అడగండి. తడిపి లాగి కత్తిరిస్తే ఆరాక ఎక్కడికి ఎగురుతాయో కత్తిరించినవాళ్లకే తెలియదు.

ఇక ఫలితం ఎప్పుడు కనిపిస్తుందంటారా? చెవి వెనక నుంచి ఒక పాయ తీసుకుని, తడిగా ఉన్నప్పుడు నిటారుగా లాగి, టేపుతో కొలిచి ఫోన్‌లో తేదీతో సహా రాసుకోండి. మధ్యలో కత్తెర పెట్టకుండా మూడు నెలల తర్వాత అదే చోట మళ్లీ కొలవండి. రెండున్నర, మూడు సెంటీమీటర్లు పెరిగి ఉంటే మీ జుట్టు తెగడం ఆగినట్టే. ఒక సెంటీమీటరే పెరిగి ఉంటే ఇంకా ఎక్కడో లాగుడు పడుతోంది, హెల్మెటో, రబ్బరు బ్యాండో, పొద్దున్నే అలవాటుగా చేతికొచ్చే ఆ సన్న పళ్ల దువ్వెనో చూసుకోండి.